పాచి

సోమవారం పొద్దున ఎనిమిదింబావుకి
కనిగిరి, పామూరు రోడ్డులో షట్టరెత్తి
నేను ముందు చేసేది ఊదొత్తి వెలిగించడం కాదు,
పళ్ళ కుర్చీ గొట్టాలు కడగడం.

ఏరోటారు ఊడదీసి, పైపు మూతి సింకులోకి వంచి
కాలితో పెడలు నొక్కి పట్టుకుంటాను.
రెండు నిమిషాలు.
శనివారం రాత్రి నుంచి పడుకున్న నీళ్ళు
ముందు దగ్గుతాయి, ఆ తర్వాతే వస్తాయి.

ఈ వేళకి మా అమ్మ బస్టాండు వెనక
మూడో ఇంటి అంట్ల ముందు కూర్చుని ఉంటుంది.
ఆమెది పాచిపని.
నాది ఉద్యోగం.

పారే నీళ్ళకి పాచి పట్టదంటారు కదా.
మెకానిక్ ఏసురత్నం పోయినేడు పైపు మారుస్తూ
జానెడు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.
పైన నున్నగా, గాజు గాజులాగా.
లోపల అగ్గిపుల్లతో గీకితే
నానిన సబ్జా గింజల జిగురులాంటిదొకటి
పుల్ల వెంట సాగుతూ వచ్చింది.

‘నడిమధ్య నీళ్ళు పరిగెత్తుతాయమ్మాయ్,
గోడవారన నిలబడే ఉంటాయి.
ఆ నిలబడ్డ చోటే కాపురం పెడతాయి ఇవి.’
ఒకటి వచ్చి అతుక్కుంటుందంట,
దాని వీపు మీద ఇంకోటి.
జిగురుతోనే గోడలు లేపి తలుపేసుకుంటాయంట.
మందు పోస్తే వాకిట్లోవి చస్తాయి,
పడకటింట్లోవి పక్కకి కూడా ఒత్తిగిల్లవు.

సీసాలో పట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి
ఒంగోలు బస్సెక్కించాం.
మిల్లీలీటరుకి ఐదొందలు దాటకూడదన్నారు.
తిరిగొచ్చిన కాగితంలో అంకె లేదు.
‘లెక్కకు మించినవి’ అని ఉంది.
రిజ్వానా డాక్టరమ్మ కాగితం తిప్పి చూసింది
వెనకవైపన్నా ఏమైనా రాశారేమోనని.

ఆ కాగితం రాకముందు ఒక శుక్రవారం
సీఎస్ పురం అవతల పల్లె నుంచి
మాలకొండయ్య తాత వచ్చాడు.
మిగిలిన నాలుగు పళ్ళ మీదా కాచు రంగు చారలు,
బోరింగు నీళ్ళు గీసిన గీతలు.
నా పళ్ళూ అవే.
మాస్కు ఈ ఉద్యోగం నాకిచ్చిన వరం.

కుర్చీ కొళాయి కింద గ్లాసు నింపి
పుక్కిలించి ఉమ్మమంటే
గొంతెత్తి గటగటా తాగేశాడు.
‘ఉమ్మాల తాతా, మింగకూడదు.’
‘తియ్యగా ఉండాయి బిడ్డా.
ఇట్టాంటి నీళ్ళు ఉమ్మేదానికి మనసొప్పలా.’
ఇంకో గ్లాసు అడిగాడు.
ఇచ్చాను.

ఇప్పుడు రాత్రిపూట సీసా దించి బోర్లిస్తాం,
గొట్టాల్లో గాలి కొట్టి ఆరబెడతాం.
మందు కలిపిన నీళ్ళే లోపలికి.
మనిషికీ మనిషికీ మధ్య ముప్పై అంకెలు
ఊరికే వదిలేస్తాను.
బెంచీ మీద కూర్చున్న ఒకామె ఊరుకోలా.
‘క్యాను ఇరవై రూపాయలు పెట్టి మేము కొనుక్కుంటుంటే
సింకులో పోస్తావేందమ్మా?’
ఆమెకేం చెప్పను.
నాకూ చెయ్యి పీకుతూనే ఉంటుంది,
కింద బిందె పెడదామని.

ఈరోజు తాత కట్టుడుపళ్ళ కొలతకి వచ్చాడు.
జొరం గిరం ఏమన్నా వచ్చిందా అనడిగాను.
రెండుసార్లు అడిగాను.
‘నాకెందుకొస్తదీ’ అన్నాడు, రెండోసారి కొంచెం కోపంగా.
సీలు విప్పిన సీసా నీళ్ళు గ్లాసులో పోశాను.
నాలిక మీద కాసేపు నిలిపి చూశాడు.
‘ఆనాటి నీళ్ళే బాగుండాయి బిడ్డా.’

మాస్కు లోపల నోరు తెరిచాను.
పక్క కుర్చీ దగ్గరికి పోయి
పెడలు మీద కాలు పెట్టాను.
ఒకటి, రెండు, మూడు.